హెడ్డు దించిన వేసవి

నేను గుమాస్తాను. ఇరవై రెండేళ్లుగా వచ్చిన కాగితానికి నెంబరు వేసి, పోయే కాగితానికి నకలు తీసి, ఆ రెంటికీ మధ్య టీ తాగి బతుకుతున్నవాణ్ణి. మెట్రిక్యులేషనుతో చదువు చాలించాను. ఇంజను అనే పదార్థంతో నా పరిచయమంతా, చిన్నతనంలో సిటీ బస్సులో డ్రైవరు పక్కన కాలుతూ వుండే ఆ పెట్టె దగ్గర నిలబడి చెమటలు కక్కడం వరకే. అటువంటివాణ్ణి 2023 వేసవిలో, ఆర్జితపు సెలవు పెట్టుకుని మరీ, చెన్నపట్నం కాశిమేడు రేవులో ఒక చేపలబోటు కడుపులోకి దిగి మూడు రోజులు నూనె పూసుకున్నాను. ఆ కథ మన పత్రికకు తగునో తగదో సంపాదకులే నిర్ణయించాలి. ఇంటి సంగతే కాబట్టి తగుతుందనే నా ఆశ.

మాది పాత చాకలిపేట. నాలుగు తరాలుగా అక్కడే వున్నాం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా అక్కను కాశిమేడులో ఇచ్చాం. బావగారి పెద్దలది ప్రళయకావేరి ఒడ్డు. దాన్ని తమిళంలో పళవేర్కాడంటారు. ఇద్దరిదీ ఒకే సరస్సు, ఒకే చేప. బావ చాలాకాలం ఇతరుల బోట్ల మీద వెళ్లి, 2021లో సొంతానికి ఒక పాత కర్రబోటు కొన్నాడు. అప్పు ఒక సంఘం ఇచ్చింది. హామీ సంతకం నాది.

"చదివే పెట్టారా సంతకం?" అని అడిగింది మా ఆవిడ.

ఆఫీసులో ప్రతి కాగితం రెండుసార్లు చదివి పైకి పంపేవాణ్ణి నేను. చదవకుండా పెట్టిన సంతకం జన్మలో అదొక్కటే. తోడబుట్టినది ఎదురుగా కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి వుంటే, షరతులు ఒకటి నుంచి పద్నాలుగు వరకు చదవడం ఎలాగో నాకు చేతకాలేదు. దానికి ప్రాయశ్చిత్తమన్నట్టు, బోటు జమాఖర్చులు రాసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం బావ జేబులోంచి నలిగిన చీటీలు తీసి బల్లమీద పోసేవాడు. డీజిలు, ఐసు, వల దారం, రేవు ఖర్చు అంటూ నేను పుస్తకానికి ఎక్కించేవాణ్ణి. ఈ పుస్తకం సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. 2017కు ముందు 45 రోజులే వుండేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. కాశిమేడులో దీన్ని 'తడైకాలం' అంటారు, తెలుగువాళ్లు కూడా. ఆ రెండు నెలలూ రేవంతా బోట్ల వైద్యశాల. ఒకచోట కర్రల సందుల్లో పీచు దట్టిస్తుంటారు, ఒకచోట రంగులు వేస్తుంటారు, నీడ వున్నచోటల్లా వలలు బాగుచేస్తుంటారు. ఇక ఇంజను మేస్త్రీలకు పెళ్లి ముహూర్తాల నెలలో పురోహితులకుండే గిరాకీ వుంటుంది. ఒకాయన్ని పట్టుకుని మన బోటు దగ్గరికి నడిపించుకు రావడానికి రెండు రోజులు పడుతుంది.

నిషేధం మొదలయ్యే ముందు వారం మా మేనల్లుడు ఆఫీసుకే వచ్చాడు. వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. తండ్రితోపాటు బోటెక్కుతున్నాడు. గేటు దగ్గర నిలబడి, "మామా, నాన్నతో చెప్పకు. మొన్న రెండుసార్లు సగం దారిలో ముల్లు ఎర్రగీత దాటింది. నీళ్లు పోసుకుంటూ, ఆపుకుంటూ, చల్లార్చుకుంటూ వచ్చాం. నీళ్ల ట్యాంకులో బుడగలొస్తున్నాయి" అన్నాడు.

బుడగలొస్తే ఏమవుతుందో నాకు తెలియదు. కాని వాడు ఆ మాట చెప్పిన తీరు తెలిసింది. "ఇంజను ఆగిపోతే?" అన్నాను.

"లంగరు వేసి, వేరే బోటు కనిపించేదాకా కూర్చోవాలి" అన్నాడు వాడు, బస్సు తప్పిపోతే తరవాతి బస్సు కోసం కూర్చోవాలన్నంత తేలిగ్గా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హామీ సంతకం గుర్తొచ్చిందా, పిల్లవాడు గుర్తొచ్చాడా అంటే, నిజం చెబుతున్నాను, రెండూ గుర్తొచ్చాయి. ఏది ముందన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేస్త్రి వచ్చి చూశాడు. తమిళుడు, అరవై దాటినవాడు, మాట తక్కువ, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఇంజను తిప్పించి, నీళ్ల ట్యాంకు మూత తీసి, ఒక్క నిమిషం చూసి, "గాస్కెట్టు పోయింది. హెడ్డు దించాలి" అన్నాడు.

హెడ్డు అంటే ఏమిటో ఇంట్లో ఆడవాళ్లు అడిగితే నేనిలా చెప్పాను. ప్రెషర్ కుక్కరుకి మూత వుంటుంది కదా. గిన్నెకీ మూతకీ మధ్య రబ్బరు చుట్టు వుంటుంది. అది చెడితే పక్కనుంచి ఆవిరి కొడుతుంది, అన్నం వుడకదు. ఇంజనులో గిన్నె సిలిండరు, మూత హెడ్డు, రబ్బరు చుట్టు గాస్కెట్టు. అయితే మన కుక్కరు లోపల ఒక్క అన్నమే వుంటుంది. ఇక్కడ ఆ మూతలోంచే గాలి రావాలి, పొగ పోవాలి, డీజిలు చిమ్మాలి, చుట్టూ చల్లటి నీళ్లు తిరగాలి, నూనె పారాలి. ఇవేవీ ఒకదాన్నొకటి తాకకూడదు. డీజిలు ఇంజనులో మంటపెట్టే నిప్పురవ్వ అంటూ లేదు. గాలిని పదహారు పదిహేడో వంతుకు నొక్కితే ఆ నొక్కుడుకే అది డీజిలు అంటుకునేటంత వేడెక్కుతుంది. అంత వొత్తిడిని ఆపేది ఆ మూతా, దాన్ని బిగించిన బోల్టులూను.

బావ బోటుది ఆరు సిలిండర్ల ఇంజను. మూడేసి సిలిండర్లకు ఒకటి చొప్పున రెండు హెడ్లు. ముందువైపు హెడ్డు మీద అనుమానం. మేస్త్రికి చేతికింద కుర్రవాడు దొరకలేదు, తడైకాలం గదా. మేనల్లుడు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి.

మొదటి రోజు పొద్దున్న దిగాను. ఇంజను గదిలో నిలబడితే తల తగులుతుంది, వంగితే నడుం పట్టుకుంటుంది. ముందుగా సముద్రపు నీరు లోపలికి వచ్చే కవాటం మూయించాడు మేస్త్రి. బోటు నీళ్లలోనే తేలుతోంది గదా, అది మూయకుండా గొట్టం వూడదీస్తే ఇంజనుకు బదులు బోటు సంగతి చూసుకోవాల్సి వస్తుంది. తరవాత బ్యాటరీ తీగలు తీశాడు. ఇంజనులోని నీళ్లన్నీ అడుగునుంచి దించాడు. నూనె పుల్ల తీసి వేలితో రాసి చూశాడు. నీళ్లు కలిస్తే నూనె పాలు పోసిన టీలా మారుతుందిట. అది నల్లగానే వుంది. "దేవుడున్నాడు. లేకపోతే బేరింగులు కూడా పోయేవి" అన్నాడు.

పొగగొట్టం వూడింది. డీజిలు గొట్టాలు వూడాయి. వూడిన ప్రతి మూతికీ శుభ్రమైన గుడ్డముక్క కట్టించాడు. సన్నటి ఇసుకరేణువు పడినా ఇంజక్టరు పాడవుతుంది. పైన రేకు మూత తీస్తే రాకర్లు కనిపించాయి. వాటి కిందనుంచి పుష్‌రాడ్లు, అంటే పొడుగాటి ఇనప కడ్డీలు, ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మేస్త్రి వాటిని నూనెబట్ట మీద పడేయబోతుంటే నేను ఆపాను. పోయిన ఏడాది క్యాలెండరు అట్ట ఒకటి తీసుకెళ్లాను. దానికి చిల్లులు పొడిచి, చిల్లు చిల్లుకీ నెంబరు వేసి, కడ్డీలు వరసగా గుచ్చాను. ఏ జాగాలోంచి వచ్చిన కడ్డీ ఆ జాగాకే పోవాలి, అన్నేళ్లు రాసుకుని రాసుకుని అవి తమ తమ జోడీతో అరిగి కుదురుకుని వుంటాయి అని ముందురాత్రి మాన్యువల్లో చదివాను. బోల్టులకి, వాషర్లకి, చివరికి మేకుల్లాంటి చిన్న మరలకి కూడా పొట్లాలు కట్టి చీటీలు అంటించాను.

మేస్త్రి చూసి నవ్వాడు. "సార్, ఇది ఆఫీసు అనుకున్నారా?"

"కాదు మేస్త్రీ. ఆఫీసులో అయితే పోయినా మళ్లీ రాసుకోవచ్చు" అన్నాను.

హెడ్డు బోల్టులు విప్పడానికి ఒక పద్ధతుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి రావాలి. ఒక్కొక్కటీ కొంచెం కొంచెం వదులు చేస్తూ రెండు మూడు చుట్లు తిరగాలి. ఒకేచోట పూర్తిగా విప్పేస్తే మిగిలిన బోల్టుల బిగువుకి హెడ్డు వంకర తిరుగుతుంది. అన్నీ వచ్చాయి, ఒకటి తప్ప. ఎడమవైపు మూల బోల్టు తుప్పుపట్టి కూర్చుంది. బావ పైనుంచి చూస్తూ, "రెంచికి ఇనపగొట్టం తొడిగి ఇద్దరం వేలాడదాం" అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "తల విరిగితే? బ్లాకులో ఇరుక్కున్న ముక్కని తీయడానికి నువ్వు నాకిచ్చే కూలి చాలదు" అన్నాడు. బోల్టు మొదట్లో కిరసనాయిలు పోసి, సుత్తితో దాని తలమీద నాలుగు దెబ్బలు కొట్టి, ఇళ్లకు పొమ్మన్నాడు. బావకు కోపం వచ్చింది. ఒక రోజు పోయిందని ఆయన లెక్క. మర్నాడు పొద్దున్న ముందు కొద్దిగా బిగించే దిక్కుకి తిప్పి, తరవాత విప్పే దిక్కుకి తిప్పితే, కీచుమని అరిచి వచ్చేసింది.

పైన అడ్డదూలం వేసి చైన్ బ్లాకు వేలాడదీశాం. ఇనప పోత, ఒక బియ్యం బస్తా బరువు తక్కువ వుండదు. గాస్కెట్టు కరుచుకుని కదలనంది. ఉలి పెట్టి ఎత్తుదామని నాకే అనిపించింది. ఆ పని చేస్తే రెండు ముఖాలమీదా గాటుపడి, కొత్త గాస్కెట్టు కూడా ఆగదట. కర్రసుత్తితో పక్కలనుంచి తడుతూ, గొలుసు కొద్దిగా బిగిస్తూ వుంటే, ఒక్కసారి నిట్టూర్చినట్టు శబ్దం చేసి లేచింది. మేనల్లుడు రెండు చేతులూ చాచి, పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు.

అప్పుడు లోపలికి టార్చిలైటు వేశాడు మేస్త్రి. మూడు పిస్టన్లు. ఒకటోది, మూడోది మసిపట్టి నల్లగా, మన ఇళ్లలో కట్టెలపొయ్యి మీది కుండల్లా వున్నాయి. నడిమిది మాత్రం తోమిన చెంబులా తళతళలాడుతోంది. నాకు ముచ్చటేసి, "ఇది బాగున్నట్టుందే!" అన్నాను.

మేస్త్రి నావైపు జాలిగా చూశాడు. "సార్, చెడింది అదే. నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఆవిరై మసినంతా కడిగేస్తున్నాయి."

రాత్రంతా ఆ నీళ్లు పిస్టను మీద నిలిచి, పొద్దున్న చూసుకోకుండా ఇంజను తిప్పితే ఏమవుతుందో కూడా చెప్పాడు. గాలిని నొక్కవచ్చు గాని నీళ్లని నొక్కలేం. పిస్టను పైకి వెళ్లలేక, దాని కింద వుండే బలమైన కడ్డీ వంగిపోతుంది. ఇంజను అక్కడికి సరి.

గాస్కెట్టు తిప్పి చూస్తే రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య సన్నటి జాగాలో కాలి నల్లచార కట్టి వుంది. "చెప్పలే? గాస్కెట్టే" అన్నాడు మేస్త్రి. బావ మొహం తేటపడింది. గాస్కెట్టయితే వేలల్లోనే పోతుంది.

మా నాన్న ఫిట్టరు. ఆయన పోయాక మిగిలిన ఆస్తి ఒక రేకు పెట్టె. అందులో రెండడుగుల ఉక్కు పట్టీ ఒకటి, ఫీలర్ గేజి ఒకటి వున్నాయి. ఫీలర్ గేజి అంటే చాకు మడతల్లా వుండే ఉక్కు రేకులు, ఒక్కొక్కదాని మందం దానిమీదే చెక్కి వుంటుంది. అంగుళంలో వెయ్యోవంతుని ఆయన 'థౌ' అనేవాడు. నాలుగు థౌలంటే మిల్లీమీటరులో పదోవంతు. ఆయన బతికుండగా ఆ పెట్టె ముట్టుకుంటే తిట్టేవాడు, పోయాక ముట్టుకునే అవసరం నాకు రాలేదు. ఆరోజు తీసుకెళ్లాను.

హెడ్డు ముఖం గీకి, తుడిచి, బోర్లించిన పట్టీ అంచుని దానిమీద ఆనించాం. పొడుగునా రెండుచోట్ల, అడ్డంగా మూడుచోట్ల, మూలనుంచి మూలకు రెండు. ప్రతిచోటా పట్టీ కింద ఏ రేకు దూరుతుందో చూడాలి. నేను అంకెలు రాసుకున్నాను. అంచుల్లో రెండు థౌల రేకు కూడా దూరలేదు. నడుమ రెండో సిలిండరు దగ్గర ఎనిమిది థౌలది సునాయాసంగా దూరింది. మాన్యువల్లో రాసిన హద్దుకి ఇది రెండింతలు. వేడికి హెడ్డు విల్లులా వంగింది.

"లేతు దగ్గరికి పంపి ముఖం చెక్కిద్దాం" అన్నాడు మేస్త్రి. అంతవరకు మంచిదే. అయితే చెక్కడానికీ ఒక హద్దుంది. ఎక్కువ చెక్కితే వాల్వులు పిస్టనుకి దగ్గరవుతాయి, ఇంజక్టరు మొన కిందికి జారుతుంది.

నేను ఇంకా రెండో గది వైపే చూస్తున్నాను. ఆ మెరుపు నన్ను వదలలేదు. గాస్కెట్టు కాలిన చార రెండుకీ మూడుకీ మధ్య కదా. అది రెండు సిలిండర్ల నడిమి గోడ. నీళ్లు అక్కడినుంచే వస్తే మూడో పిస్టను కూడా కొంచెమైనా కడుక్కుపోవాలి కదా? అది నల్లగా వుందేం? ఆఫీసులో ఒక ఫైలుకి రెండు సంజాయిషీలొస్తే, రెండూ ఒకదానికొకటి అతుకుతాయా లేదా అని చూడటం మా అలవాటు. ఆ మాటే మేస్త్రిని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. చెవిమీది పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కాసేపటికి, "కిరసనాయిలు తే" అన్నాడు మేనల్లుడితో.

పాతకాలపు పరీక్ష అది. రెండు వాల్వుల మధ్య వుండే ఇరుకు జాగాలో కిరసనాయిలు రాసి, కాసేపాగి, బాగా తుడిచేసి, సుద్దపొడి చల్లాడు. చీలిక అంటూ వుంటే దాంట్లో దాగిన నూనె పొడిని తడుపుతుంది. మేం నలుగురం వంగి చూస్తున్నాం. తెల్లటి పొడి మీద, తలవెంట్రుక పరిచినట్టు, ఒక గీత మెల్లగా తేలింది. రెండు వాల్వు సీట్ల మధ్య. హెడ్డు మొత్తంలో ఎక్కువ వేడి తగిలే చోటదే.

ఎవరూ మాట్లాడలేదు. చివరికి మేస్త్రే అన్నాడు: "ఇలాంటి గీతలతో ఈ రేవులో చాలా ఇంజన్లు నడుస్తున్నాయి. పైపైన వుంటే ఏం కాదు. చెక్కించి బిగిద్దాం."

ఆయన అబద్ధమాడలేదు. ఆ చోట పైపై గీతలుండటం, అవి నీళ్లదాకా దిగకపోతే ఇంజను బాగానే నడవటం వున్నదేనని తరవాత వేరేవాళ్లూ చెప్పారు. కాని పైపైన వుందో, లోతుగా వుందో సుద్దపొడి చెప్పదు.

"బావా, ప్రెషర్ టెస్టు చేయిద్దాం" అన్నాను.

"దానికో నాలుగు రోజులు. ఖర్చు. చీలిందని తేలితే కొత్త హెడ్డు. ఎక్కణ్ణించి తేను?" అన్నాడు బావ. గొంతు పైకి లేచింది. "పెన్ను పట్టుకునేవాడివి, నీకేం తెలుసు సముద్రం సంగతి?"

నిజమే, నాకు తెలియదు. నేను మేనల్లుడి వైపు చూశాను. వాడు తండ్రి వైపు చూడలేదు. చేతులు తుడుచుకుంటూ, "నాన్నా, నేను రెండోసారి వచ్చేటప్పుడు అమ్మకి ఫోను చేద్దామని తీశాను. సిగ్నలు లేదు" అన్నాడు. అంతే అన్నాడు.

బావ లేచి పైకి వెళ్లిపోయాడు. పది నిమిషాల తరవాత ఒక తోపుడుబండి వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

వర్కుషాపులో హెడ్డు నీటిదారులన్నిటికీ రబ్బరు వేసి ఇనప రేకులు బిగించారు. వేడినీళ్ల తొట్టిలో ముంచారు. వేడెక్కి వ్యాకోచిస్తేనే కొన్ని చీలికలు నోరు తెరుస్తాయట. లోపలికి గాలి కొట్టారు. ఒకటో గది నిశ్శబ్దం. మూడోది నిశ్శబ్దం. రెండో గదిలోంచి, అడుగున ఎవరో వూపిరి తీస్తున్నట్టు, ఒకదాని వెంట ఒకటి బుడగలు బయల్దేరాయి.

బావ ఆ తొట్టి పక్కనే గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. తరవాత, నా మొహం చూడకుండా, "ఈ బుడగలు నాకు జనవరి నుంచి తెలుసు" అన్నాడు. "నీతో చెబితే పుస్తకంలో రాస్తావు. రాస్తే, నీ సంతకం నీళ్లపాలవుతోందని నీకు తెలుస్తుంది. మీ అక్క నీ ఎదట తలవంచుకోవాలి. రెండు మూడు మంచి వేటలు పడితే చెప్పకుండానే బాగుచేయించేద్దామనుకున్నాను."

నేను ఆదివారం ఆదివారం ఆ పుస్తకం తెరిచి కూర్చోవడం ఆయనకి ఎలా వుండేదో నాకు అంతవరకు తోచలేదు. నేను సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన జవాబుదారీ చెప్పుకుంటున్నాననుకున్నాడు కాబోలు.

జనవరి అన్నమాట మాత్రం నా చెవిలో నిలిచింది. ఇంటికెళ్లి పుస్తకం తిరగేశాను. జనవరి రెండో వారంలో 'ఇంపెల్లరు, 1' అని నా దస్తూరీలోనే వుంది. సముద్రపు నీటిని తోడే పంపులో తిరిగే రబ్బరు చక్రం అది. మేనల్లుడికి ఫోను చేసి, "పాతది ఎలా పాడయింది?" అని అడిగాను. "రెక్కలు విరిగాయి మామా. మూడు లేవు." "ఆ మూడూ ఎక్కడున్నాయి?" వాడు చాలాసేపు పలకలేదు. "ఎవరూ వెతకలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి హీట్ ఎక్స్‌ఛేంజరు మూత విప్పాం. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన మంచినీటిని, సన్నటి గొట్టాల్లో పారే సముద్రపు నీటితో చల్లార్చే పెట్టె అది. ఆ గొట్టాల మూతుల దగ్గర, ఉప్పు పేరుకుని, గుల్లముక్కలు ఇరుక్కుని, వాటి మధ్య నల్లటి రబ్బరు రెక్కలు మూడూ వున్నాయి. సగం గొట్టాలు మూసుకుపోయాయి. చక్రం మార్చారు గాని, విరిగిన ముక్కలు నీటి వెంట వెళ్లి గొంతుకి అడ్డంపడ్డాయని చూడలేదు. ఇంజను మూడు నెలలు దాహంతో నడిచింది. హెడ్డు వంగింది, చీలింది, గాస్కెట్టు కాలింది. దాన్ని చూడకుండా కొత్త హెడ్డు పెడితే, అదీ ఆ దారినే పోయేది.

మేస్త్రి ఆ మూడు ముక్కల్నీ అరచేతిలో వేసుకుని చూసి, నా చేతిలో పెట్టాడు. "ఫైలులో పెట్టుకోండి సార్" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కొత్త హెడ్డు మా శక్తికి మించింది. పాతసామాన్ల కొట్లో ఒకటి దొరికింది, పద్దెనిమిది వేలు. ముందు టెస్టు, తరవాతే డబ్బు అని నేను పట్టుబట్టాను. బుడగ రాలేదు. అక్క గాజులు తాకట్టుకి తీస్తానంది. నేను ప్రావిడెంటు ఫండులోంచి కొంత తీశాను, గాజులు రెండే వెళ్లాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక పద్ధతే అని పెళ్లయినవారికి చెప్పనక్కర్లేదు.

బిగించేటప్పుడు విప్పినదానికన్నా ఎక్కువ కాలం పట్టింది. పాతసామాను హెడ్డు కదా, కూర్చోబెట్టే ముందు పట్టీ పెట్టి అన్నివైపులా కొలిచాను. రెండు థౌల రేకు కూడా ఎక్కడా దూరలేదు. బ్లాకు ముఖం మీద సిలిండరు లైనర్లు అంచుకన్నా కొంచెం పైకి వుండాలి, మూడూ ఒకే ఎత్తున వుండాలి. ఒకటి దిగబడితే గాస్కెట్టు దాన్ని నొక్కి పట్టదు. అదీ కొలిచి చూశాం. బోల్టు రంధ్రాల్లో నూనెగాని నీళ్లుగాని మిగలకుండా గుడ్డచుట్టిన పుల్లతో తుడిచాం. అవి లోపల వుండగా బోల్టు బిగిస్తే, పోయే దారిలేక బ్లాకునే చీల్చగలవు. విప్పినప్పుడు అంచులనుంచి నడిమికి వచ్చాం గదా, ఇప్పుడు నడిమినుంచి అంచులకు, టార్కు రెంచితో మూడు విడతలుగా బిగించాం. కడ్డీలు నా క్యాలెండరు అట్టలోంచి నెంబరు ప్రకారం దిగాయి. వాల్వుల సందు సరిచేయడానికి మాన్యువల్లో మిల్లీమీటర్లున్నాయి, నాన్న గేజి థౌలు. నేను చీటీ మీద లెక్కగట్టి చెబుతుంటే మేనల్లుడు రేకు దూర్చి మర తిప్పాడు. వాడి వేళ్లు మా నాన్న వేళ్లలాగే పొడుగ్గా వుంటాయని అంతకుముందు నేను గమనించలేదు.

జూన్ 15న తక్కిన బోట్లన్నీ బయల్దేరాయి. నిషేధం తరవాత తొలి వేటకి బోట్లు వెళ్లే వేళ రేవులో వుండే సందడి చూడదగ్గది. మా బోటు కట్టుకొయ్యకే వుంది. బావ ఆరోజు రేవుకి రాలేదు. 23న బయల్దేరింది.

అయిదు రోజులకు తిరిగొచ్చారు. ముల్లు పచ్చగీత దాటలేదట. ఇంజను చల్లారాక మేస్త్రి వచ్చి బోల్టులు మరోసారి వరసన బిగువు చూశాడు, కొత్త గాస్కెట్టు కొంచెం కుంగుతుంది కాబట్టి. వేట ఒక మోస్తరు. ఆదివారం బావ చీటీలు తెచ్చి బల్లమీద పోశాడు. నేను పుస్తకం, పెన్ను ఆయనవైపు జరిపాను. కాసేపు చూసి, తనే రాయడం మొదలెట్టాడు. దస్తూరీ అధ్వాన్నం. కూడిక మాత్రం తప్పు పోలేదు.

మేనల్లుడు వెళ్లేముందు రేకు పెట్టె దగ్గర నిలబడి, "మామా, తాత గేజి బోటులోనే వుంచుకోనా?" అన్నాడు.

"రసీదు రాసిచ్చి తీసుకో" అన్నాను.

క్యాలెండరు అట్టనుంచి ఒక మూల చింపి, తారీఖు వేసి, వస్తువు పేరు, సంఖ్య ఒకటి అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.